గోమారి తనంతట తాను రాలే దాకా

నా జబ్బు నిజంగా ఏమిటో తెలియడానికి నాలుగేళ్ళు పట్టింది. అంతవరకు దానికి నోటికొచ్చిన పేర్లన్నీ పెట్టారు. ఒక డాక్టరు కీళ్ళవాతం అన్నాడు. ఇంకొకాయన రక్తం తక్కువ అన్నాడు. మూడో ఆయన రిపోర్టులన్నీ తిరగేసి, కళ్ళజోడు తీసి తుడుచుకుని, "అంతా నీ మనసులో ఉందమ్మా, ఏదన్నా వ్యాపకం పెట్టుకో" అన్నాడు. అప్పటికి నేను క్లాసు నిండా ఆరో తరగతి పిల్లలకు లెక్కలు చెబుతున్నాను. అంతకన్నా పెద్ద వ్యాపకం ఏముంటుందో ఆయనే చెప్పాలి. నన్ను చేసుకున్న పెద్దమనిషి రెండేళ్ళు ఓపిక పట్టి, ఆ డాక్టరు మాట చెవిన పడగానే ఓపిక చాలించుకున్నాడు. పీడా పోయింది అనుకున్నాను కానీ, ఏడవలేదని మాత్రం చెప్పను.

జబ్బు మనసులో లేదు. మోకాళ్ళలో ఉంది, మెడలో ఉంది, సాయంత్రమయ్యేసరికి వెన్ను వెంట పాకే సన్నటి జ్వరంలో ఉంది. అన్నిటికన్నా పాడు సంగతి, మాటల్లో ఉంది. బోర్డు మీద భిన్నం రాసి, గీత కింది అంకెను ఏమంటారో గుర్తురాక సుద్దముక్క పట్టుకుని నిలబడిపోయేదాన్ని. "హారం, టీచర్" అని ముందు బెంచీ పిల్ల అందించేది. పిల్లలు నవ్వేవాళ్ళు కాదు. నవ్వినా బాగుండేది, వాళ్ళ జాలే నాకు కంపరం పుట్టించేది. ఒకరోజు స్టాఫ్‌రూంలో ఎవరో మా తమ్ముడి పేరు అడిగారు. గుర్తురాలేదు. ఆ సాయంత్రమే సెలవు చీటీ రాసిచ్చి ఇంటికొచ్చేశాను.

మా ఊరు మక్తల్ అవతల. మేం కురుమలం. నాన్న పోయాక మందను తమ్ముడు జంగయ్య చూసుకుంటున్నాడు. వాడికి గొర్రెలంటే పని కాదు, ఊపిరి. మా వైపు అమ్మను అవ్వ అని పిలుస్తాం. మా అవ్వకు కళ్ళలో పొర వచ్చి నాలుగడుగుల అవతలి మనిషిని గుర్తుపట్టదు గానీ, పొద్దుగూకే వేళ మంద రాగానే దొడ్డి వాకిట్లో కూర్చుని ఒక్కో గొర్రెను ఒడిలోకి లాక్కుని చెవుల వెనక, చంకల్లో, తోక కింద తడిమేది. వేళ్ళకు నెత్తురు తాగే గోమారి పురుగు తగిలితే చాలు, కాస్త నొక్కి, పక్కకు తిప్పి, తల లోపల మిగలకుండా తీసి కిరసనాయిలు డబ్బాలో వేసేది. ఎవరితో ఏం మాట్లాడుతున్నా ఆ చెయ్యి ఆగేది కాదు. కుక్క వచ్చి పక్కన పడుకుంటే దానికీ తీసేది. మా చిన్నప్పుడు నాకూ జంగయ్యకూ అట్లాగే తీసేది. చదువుకుని ఊరు వదిలాక నాకు ఆ డబ్బా వాసనంటే అసహ్యం వేసేది.

నజ్మా మేడమ్ మా ఊరికి వచ్చింది నాకోసం కాదు, ఆ డబ్బాల కోసం. ఆమె మనుషుల డాక్టరు కాదు. గోమార్ల మీద పరిశోధన చేసే మనిషి. హైదరాబాదు శివార్లలో ల్యాబు. ఊరూరా తిరిగి గొర్రెల గోమార్లను సీసాల్లో పట్టుకెళ్ళేది. మా అరుగు మీద నీళ్ళు తాగుతూ, లోపల గొంగడి కప్పుకుని పడుకున్న నన్ను చూసి, ఏం జబ్బు అని అడిగింది. అవ్వ చెప్పింది. ఆమె గ్లాసు కింద పెట్టి లేచి వచ్చి నా మోకాళ్ళు నొక్కి చూసింది. "వచ్చే వారం ల్యాబుకు రాగలరా?" అంది.

అవ్వనూ జంగయ్యనూ వెంటబెట్టుకుని వెళ్ళాను. నా మోకాలి నుంచి సూదితో కాస్త నీరు తీసి గాజుపలక మీద వేసి, తెర మీద పెద్దగా చూపించింది. ఏమీ లేదు, ఉత్త మసక. తర్వాత ఆ చుక్క పక్కన సూదిమొనతో ఇంకేదో అంటించింది. "గోమారి ఉమ్మి" అంది. కాసేపటికి మసకలోంచి సన్నటి మెలికల క్రిములు ఒక్కొక్కటే బయటపడ్డాయి. అన్నీ ఆ ఉమ్మి వైపే పోయి గుంపుగా చేరాయి.

"ఇవి మందులకు దొరకవు. కీళ్ళలో, నరాల్లో దాక్కుంటాయి. కానీ వీటికి మనిషి ఇల్లు కాదు, సత్రం. వీటి ఇల్లు గోమారి కడుపు. ఎప్పుడు ఇంకో గోమారి కుడుతుందా, ఎప్పుడు ఇంటికి పోదామా అని ఎదురుచూస్తూ ఉంటాయి" అంది.

నేను ఏడ్చాను. భయంతో కాదు. నాలుగేళ్ళుగా నా మనసులో ఉన్నాయన్నవి తెర మీద కదులుతున్నాయి. ఆ కళ్ళజోడు డాక్టరు అక్కడుంటే ఆయన తల పట్టుకుని ఆ తెరకు ఆనించేదాన్ని.

నజ్మా మేడమ్ పదేళ్ళు కష్టపడి కొత్తరకం గోమారిని పెంచింది. దాని ఉమ్మి ఊరి గోమారి ఉమ్మికన్నా ఎన్నో రెట్లు ఘాటైనది. అది కుడితే ఒంట్లో ఏ మూల నక్కిన క్రిమి అయినా అక్కడికి పరుగెత్తి రావలసిందే. దాని కడుపులోకి పోయిన క్రిమి మళ్ళీ బతకదు. జబ్బు వచ్చిన దారినే బయటికి పోతుంది. ఇదీ ఆమె వైద్యం. అయితే దానికో చిక్కుంది. ఆ గోమారి ఎదగడానికి ముందు ఒక పూట మనిషి నెత్తురు తాగాలి. అది నా తోడబుట్టినవాళ్ళదో కన్నవాళ్ళదో కావాలి. లేదంటే నా చర్మం దాన్ని పరాయిదని పసిగట్టి మధ్యలోనే తరిమేస్తుంది.

"నాది దీస్కోండ్రి" అని అవ్వ చెయ్యి చాచింది. అవ్వకు చక్కెర జబ్బు. పనికిరాదన్నారు.

జంగయ్య అప్పటికే చొక్కా చేతులు మడిచాడు. "నష్టమేమన్న ఉంటదా మేడం?" అని అడిగింది నేను కాదు, వాడూ కాదు, అవ్వ.

నజ్మా మేడమ్ అబద్ధం చెప్పలేదు. "దురద ఉంటుంది. ఇంకేమైనా ఉంటే అది మాకూ తెలియదమ్మా. ఇంతవరకు ఎలుకల మీదనే చేశాం."

"మాకు దినాం కుడ్తయి మేడం గోమార్లు. ఇయ్యి జర సదువుకున్న గోమార్లు, గంతే గదా" అన్నాడు జంగయ్య. అందరం నవ్వాం.

వాడి ముంజేతికి గాజుగిన్నె బోర్లించి కట్టి, అందులోకి నువ్వుగింజలంత గోమార్లను వదిలారు. అవి తాగి, ఉబ్బి, రాలి, ల్యాబులో చీకటి పెట్టెలో కుబుసం విడిచి ఎదగాలి. అవ్వా నేనూ ల్యాబులోనే ఒక గదిలో ఉండిపోయాం. వాడు ఊరికి పోయి మంద వెంట తిరుగుతూ ఫోను చేసేవాడు. "నా పిల్లలెట్లున్నయి అక్కా?" అనేవాడు. చచ్చిపోతున్నాయని చెప్పడానికి నాకు నోరు వచ్చేది కాదు. చివరికి ఒక్కటంటే ఒక్కటి బతికి బట్ట కట్టింది.

దాన్ని నా మెడ వెనక, జుట్టు మొదలైన చోట పెట్టారు. పైన చిన్న జాలీ మూత, చుట్టూ టేపు. నజ్మా మేడమ్ అవ్వనూ నన్నూ కూర్చోబెట్టి నిదానంగా చెప్పింది. "వారం పడుతుందో, పది రోజులు పడుతుందో, కడుపు నిండాక తనంతట తాను రాలుతుంది. అప్పటిదాకా దాన్ని ఎవరూ ముట్టుకోవద్దు. మధ్యలో లాగేస్తే, బయటికి వచ్చిన క్రిములన్నీ నెత్తురులో పడి మళ్ళీ చెల్లాచెదురవుతాయి. అమ్మా, మీకు అర్థమైందా?"

"ఎర్కైంది" అంది అవ్వ. నా మెడ దగ్గర మొహం పెట్టి, పొర కమ్మిన కళ్ళతో ఆ మూతను చూసి, రెండు చేతులూ జోడించింది. "జిందగంత నిన్ను సంపిన. గీ ఒక్కసారికి నీకు దండం పెడ్త. నా బిడ్డ పానం బాగుజెయ్యి."

మొదటి రెండు రోజులు ఒళ్ళంతా ఒకటే సలుపు. తర్వాత నొప్పి కదిలింది. ఇది నేను కవిత్వానికి చెబుతున్నది కాదు. మోకాళ్ళు వదిలి తొడల్లోకి, తొడలు వదిలి నడుములోకి, అక్కడినుంచి వెన్ను వెంట పైకి వచ్చింది. మేత మేసిన మంద ఒకే గుమ్మంలోకి తోసుకుంటూ వచ్చినట్టు మెడ దగ్గర కూడింది. మెడ మండిపోయేది గానీ కింద ఒళ్ళు ఖాళీ అవుతోంది. ఒకరోజు పొద్దున ఎవరి సాయమూ లేకుండా మెట్లెక్కి మేడమీదికి పోయాను. అక్కడ నిలబడి నా ఆరో తరగతి హాజరు పిలిచాను. పిల్లల పేర్లన్నీ వరసగా వచ్చాయి. ఒక్కటీ జారలేదు. బట్టలారేస్తున్న ఆయమ్మ నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూసింది. చూడనీ. నాలుగేళ్ళ తర్వాత నా తల నాది అయింది.

ఆ రోజు మధ్యాహ్నం భోజనాలయ్యాక అవ్వా నేనూ మంచం మీద కూర్చుని ఛాయ్ తాగుతున్నాం. ఉక్కపోత. టేపు చెమటకు ఒక పక్క ఊడివచ్చి, మూత పక్కకు జారింది. సాయంత్రం నర్సు వచ్చి మారుస్తుందిలే అనుకున్నాను. అవ్వ కొంగుతో నా వీపు తుడుస్తూ, మా మేనత్త కోడలు అలిగి పుట్టింటికి పోయిన కథ చెబుతోంది. నేను నవ్వుతున్నాను. ఎన్నాళ్ళకో ఇద్దరం అట్లా కూర్చున్నాం. ఆమె చెయ్యి నా జుట్టులోకి పోయింది, చెవుల వెనక తడిమింది, మెడ మీదికి దిగింది. నాకు హాయిగా ఉంది. "మల్ల అత్త పోయి బతిమాలితే గూడ రానన్నదంట" అంటోంది అవ్వ. మెడ మీద చిన్న ఒత్తిడి, పక్కకు ఒక మెలిక. మంట చప్పున చల్లారింది. అబ్బా, ఎంత సుఖంగా ఉంది అనుకున్నాను.

అవ్వ కథ ఆపకుండానే చెయ్యి చాచి వేళ్ళ మధ్య ఉన్నదాన్ని ఛాయ్ గ్లాసులో వేసింది.

అప్పుడు నేను గ్లాసులోకి చూశాను. అవ్వ నా మొహం వైపు చూసింది. ఆమెకు నా మొహం సరిగా కనపడదు. కానీ నా నవ్వు ఆగిపోవడం వినపడి ఉంటుంది. తన వేళ్ళను ఒకదానితో ఒకటి రుద్దుకుని చూసుకుంది. ఆ వేళ్ళకు అంటిన తడి ఏమిటో ఆమెకు తెలుసు.

"నేను దియ్యలే" అంది. "బిడ్డా, నేను దియ్యలే. చెయ్యి దీసింది."

ఆ తర్వాత వచ్చిన జ్వరం గురించి నాకు గుర్తున్నది తక్కువ. మంచుగడ్డలు గుర్తున్నాయి. గోడవైపు తిరిగి కూర్చున్న అవ్వ వీపు గుర్తుంది. జ్వరం దిగాక నజ్మా మేడమ్ నా పక్కన కూర్చుంది. నిద్రలేక ఆమె కళ్ళ కింద నల్లబడింది. "సగానికి పైగా పోయాయి" అంది. "మిగిలినవి లోపలికి వెళ్ళిపోయాయి. ఇంకోసారి చేస్తే పూర్తిగా పోతాయి, నాకు అనుమానం లేదు. మళ్ళీ మొదటినుంచి రావాలి. మీ తమ్ముడు ఇంకోసారి చెయ్యి ఇవ్వాలి."

ఆమె ఆ మాట అంటున్నప్పుడే ఊరి నుంచి మా చిన్నాయన ఫోను చేశాడు.

మందలో ఒక గొర్రె ఈనలేక తిప్పలు పడుతుంటే జంగయ్య చెయ్యి పెట్టి పిల్లను తీశాడట. ఏటా చేసే పనే. ఉమ్మనీళ్ళు మోచేతుల దాకా కారాయట. కాసేపటికి చేతులు దద్దుర్లెక్కి ఉబ్బాయి, పెదాలు ఉబ్బాయి, గొంతు పూడుకుపోయింది. చిన్నాయన బండి మీద వేసుకుని మక్తల్ ఆసుపత్రికి తీసుకుపోయాడు. ఇంకాస్త ఆలస్యమైతే మనిషి దక్కేవాడు కాదన్నారు.

నజ్మా మేడమ్ వాణ్ణి ల్యాబుకు పిలిపించి నెత్తురు పరీక్ష చేసింది. ఫలితం వచ్చాక జంగయ్యకు చెప్పింది. "నాలుగు కాళ్ళ జీవాల ఒంట్లో ఒకరకం చక్కెర ఉంటుంది. మాంసంలో, పాలలో, ఉమ్మనీటిలో. అది మనిషి ఒంట్లో ఉండదు. నా గోమారి ఉమ్మిలోనూ అది ఉంది. మామూలు గోమారిలో చిటికెడు, దీనిలో దోసెడు. నీ ఒళ్ళు ఇప్పుడు ఆ చక్కెరను శత్రువు అనుకుంటోంది."

"మందేమన్న ఉన్నదా?"

"దూరంగా ఉండటమే. మాంసం, పాలు, నెయ్యి ముట్టొద్దు. ఈనే గొర్రెల దగ్గరికి అసలే పోవద్దు. గొంతు పట్టినట్టయితే ఈ సూది తొడకు పొడుచుకోవాలి."

జంగయ్య సూది డబ్బాను చేతిలో అటూ ఇటూ తిప్పి చూశాడు. "గొర్లకాడికి పోకుంటే మల్ల నేనేం జేయాలె మేడం?" అన్నాడు. నిజంగానే తెలియక అడిగాడు.

మేం ఊరికి వచ్చాం. మంద చిన్నాయన కొడుకుల చేతికి పోయింది. పొద్దున వాళ్ళు గొర్రెలను తోలుకుపోతుంటే జంగయ్య అరుగు మీద కూర్చుని, ఏది కుంటుతోందో, దేనికి మేత సరిపోవట్లేదో కూర్చున్నచోటు నుంచే అరిచి చెప్పేవాడు. వాళ్ళు రెండు రోజులు విన్నారు. తర్వాత సరే సరే అంటూ పోయేవాళ్ళు. వాడు పెరిగిన ఇంట్లో పాలవాసన లేకుండా చేశాం. గొంగడి కూడా బయట దండెం మీదికి పోయింది.

నాకు సగం నయమైంది. సగం అంటే ఏమిటో చెబుతాను. జ్వరం రోజూ రాదు, వచ్చినప్పుడు చెప్పి రాదు. మాటలు పోవు గానీ ఆలస్యంగా వస్తాయి. మంచిరోజున ఊరి చివరిదాకా నడుస్తాను. చెడ్డరోజున జడ వేసుకోవడానికి చేతులెత్తలేను. అంతకుముందు అవ్వ జడ వేసేది. ఇప్పుడు వేయదు. అసలు నన్ను ముట్టుకోవడమే మానేసింది. నీళ్ళు తెస్తే చెంబు నేల మీద పెట్టి జరుగుతుంది. నాకు జ్వరమొస్తే నుదురు మీద తడిగుడ్డను జంగయ్య చేత వేయిస్తుంది. చేతులెప్పుడూ కొంగులో చుట్టుకునే ఉంటుంది. నేను ఒకటికి పదిసార్లు చెప్పాను, "అవ్వా, నాకు నీ మీద కోపం లేదు" అని. కోపం లేదన్నది అబద్ధం. ఆ ఛాయ్ గ్లాసు కళ్ళముందు కదిలినప్పుడల్లా కడుపులో మండేది. ఆమెకు అది తెలుసు. నా గొంతు నాకన్నా ఆమెకే బాగా తెలుసు.

ఒకరోజు జంగయ్య మక్తల్‌లో పని చూసుకుంటానని పొద్దున్నే పోయాడు. మధ్యాహ్నం సూది డబ్బా ఇంట్లో లేదని చూశాను. మక్తల్‌లో పనికి సూది ఎందుకు? వాడు గొర్రెల దగ్గరికి పోతేనే దాన్ని తీసుకుపోతాడు. మంద ఊర్లోనే ఉంది. ఇక మిగిలింది ఒక్క చోటే, ల్యాబు. హైదరాబాదు బస్సెక్కి కూర్చున్నాక గానీ నాకు జ్వరం ఉందని తెలియలేదు.

ల్యాబు లోపలి గదిలో వాడు బల్ల మీద పడుకుని ఉన్నాడు. ముంజేతికి గాజుగిన్నె కట్టి ఉంది. అందులో నువ్వుగింజలు వాడి చర్మానికి అప్పుడప్పుడే అతుక్కుంటున్నాయి. నజ్మా మేడమ్ మందు ఎక్కించిన సూది పట్టుకుని వాడి మొహం వైపే చూస్తూ నిలబడింది. వాడి పై పెదవి అప్పటికే దొప్పలా లేచింది.

"ఎవరు చేయమన్నారు?" అన్నాను.

"అతనే వచ్చి అడిగాడు అనసూయగారూ. పొద్దుటినుంచి మూడుసార్లు వెనక్కి పంపాను. మళ్ళీ వచ్చాడు."

"అడిగితే ఇచ్చేస్తారా? ఊపిరాడక పోతే?"

"అన్నీ సిద్ధంగా పెట్టుకున్నాను. సూదులు, ఆక్సిజన్." వాడి మొహం మీంచి చూపు తిప్పకుండానే అంది. "మీలాంటివాళ్ళు బయట ఎంతమంది ఉన్నారో మీకు తెలుసు. వాళ్ళకు కూడా మనసు జబ్బే అంటున్నారు. ఒక్కరికి పూర్తిగా నయమైందని చూపించగలిగితే..."

ఆ మాటను నేను తీసిపారేయలేను. నాకన్నా బాగా దాని బరువు ఎవరికి తెలుసు? మేడమీద నిలబడి హాజరు పిలిచిన ఆ పొద్దుటి పూట నాకు ప్రతిరోజూ గుర్తొస్తుంది. ఆ గిన్నెలో ఉన్నది నా బడి, నా తల, నా మోకాళ్ళు. ఇంకొంచెంసేపు నోరు మూసుకుని నిలబడితే చాలు, అన్నీ నావే. నిలబడాలని అనిపించింది కూడా. అదీ చెప్పాలి.

"అక్కా, నువ్వు గమ్మునుండు" అన్నాడు జంగయ్య. ఉబ్బిన పెదవితో మాట సరిగా రావట్లేదు. "నా పని ఎట్లనో ఖరాబైంది. మల్ల కొత్తగ ఖరాబయ్యేదేమున్నది? నీదన్న బాగుపడాలె. నువ్వు బడికి పోవాలె."

"నువ్వు చస్తే నేను బడికి పోయి ఏం చెప్పాల్రా? తీసివేతలా?"

వాడు నవ్వబోయాడు. దగ్గు వచ్చింది. ఆ దగ్గు వెనక ఊపిరి ఈల వేసింది.

నేను గిన్నె కట్టు విప్పాను. నజ్మా మేడమ్ నా చెయ్యి పట్టుకోబోయి ఆగిపోయింది. జీవితంలో అంతకుముందు నేను ఒక్క గోమారిని కూడా తీయలేదు. అసహ్యపడి, తప్పించుకుని, చదువుకుని పోయినదాన్ని. కీళ్ళు సలుపుతున్న వేళ్ళతో ఒక్కొక్కదాన్నీ పట్టి, కాస్త నొక్కి, పక్కకు తిప్పి తీశాను. వాడి చర్మం మీద తల ఒక్కటీ మిగల్చలేదు. అన్నిటినీ పక్కనున్న స్పిరిట్ సీసాలో వేశాను. మొదటివాటిని చూసి చూసి తీశాను. చివరివాటికి వచ్చేసరికి చూడాల్సిన పని లేకపోయింది. చెయ్యికి ఒక పని ఎట్లా తెలుస్తుందో, మనిషిని అడగకుండా అది ఎట్లా చేసుకుపోతుందో నాకు అప్పుడు అర్థమైంది. ఆ తర్వాత ఛాయ్ గ్లాసు గుర్తొస్తే కడుపులో మండటం మానేసింది.

నజ్మా మేడమ్ వాడి తొడకు సూది పొడిచింది. ఊపిరి నెమ్మదించేదాకా ఇద్దరం వాడి చెరోవైపు నిలబడ్డాం. తర్వాత ఆమె స్టూలు మీద కూలబడి, "ఇంక మీకు నా దగ్గర దారి లేదు" అంది. బెదిరింపుగా అనలేదు. బాధగానే అంది.

"తెలుసు మేడమ్."

"నేను ఉమ్మిలో ఆ చక్కెర లేని గోమారిని పెంచాలి. ఇంకో పదేళ్ళు పడుతుంది."

"పెంచండి" అన్నాను. "మా తమ్ముడికి జరిగింది కూడా రాసిపెట్టండి. దాచొద్దు."

దాచనంది. దాచలేదు కూడా. ఆమె పని కొన్నాళ్ళు ఆగిపోయిందనీ, మళ్ళీ మొదలుపెట్టిందనీ విన్నాను.

ఇంటికి వచ్చి జరిగింది అవ్వకు చెప్పాను. ఆమె ఆ పూట కొంగులోంచి చేతులు బయటికి తీసి అన్నం కలిపింది. అంతే.

చలికాలం వచ్చేసరికి చిన్నాయన కొడుకులు మాకు మందను తిరిగి అప్పగించేశారు. వాళ్ళకు వాళ్ళ గొర్రెలతోనే సరిపోతోంది. అమ్మేద్దామన్నాడు చిన్నాయన. "అమ్మం" అన్నాను నేను. ఎందుకన్నానో, ఎవరు చూస్తారో ఆలోచించి అన్నది కాదు. మేపడానికి ఒక జీతగాణ్ణి పెట్టుకున్నాం. ఊరి బడికి సగం పూట పోతున్నాను, హెడ్‌మాస్టరు మంచివాడు, ఒప్పుకున్నాడు. మిగిలిన సగం పూట దొడ్డిలో ఉంటాను. చెడ్డరోజున రెండూ లేవు, మంచమే.

మొన్న పొద్దున ఒక తొలిచూలు గొర్రె ఈనలేక పడిపోయింది. జీతగాడు మంద తోలుకుని పోయాడు. అవ్వ దాని తల ఒడిలో పెట్టుకుని కూర్చుంది. జంగయ్య తడక అవతల, గాలి తన వైపు రాని చోట, ముక్కుకు తువ్వాల కట్టుకుని నిలబడ్డాడు. చేతిలో సూది డబ్బా.

"అక్కా, చెయ్యి సబ్బుతోని కడుక్కో. నూనె రాసుకో. ఇప్పుడు లోపల్కి వెట్టు. నిమ్మలంగ."

పెట్టాను. వెచ్చగా, బిగుసుగా ఉంది. "ఏదో మెత్తగా తగులుతోందిరా."

"ముట్టె అయితది. కాళ్ళు జూడు. రెండు ముంగటి కాళ్ళు ముట్టె కింద ఉండాలె."

"ఒకటే ఉంది."

"ఇంకోటి ఎన్కకు మడ్సుకున్నది. పిల్లను జర లోపల్కి నూకి, మోకాలు పట్టి ముంగటికి దే. గిట్టకు నీ అరచెయ్యి అడ్డం వెట్టు, లేకుంటే పిల్లసంచి చినుగుతది."

వాడు తడక అవతల గాలిలో తన చేత్తో ఆ పని చేస్తూ చెబుతున్నాడు. నేను తడక ఇవతల లోపల చేస్తున్నాను. కాలు దొరికింది, జారింది, మళ్ళీ దొరికింది. గొర్రె ఒకసారి గట్టిగా మూలిగింది. రెండు కాళ్ళూ ముందుకు వచ్చాయి. ఇక లాగాలి. లాగబోతే నా వేళ్ళకు పట్టు లేదు. అది చెడ్డరోజు కాదు, అయినా మణికట్టులో పిడికిలి బిగిసేంత బలం లేదు. మళ్ళీ ప్రయత్నించాను. మళ్ళీ జారింది.

"జల్ది అక్కా! దానికి ఊపిరాడది!"

"అవ్వా" అన్నాను. "నా చెయ్యి పట్టుకుని గుంజు."

అవ్వ కదలలేదు. ఒడిలో గొర్రె తల మీద ఆమె రెండు చేతులూ బిగుసుకుపోయి ఉన్నాయి.

"అవ్వా, నా వేళ్ళు పనిచేస్తలేవు. పట్టుకో."

గొర్రె తలను నేలమీదికి దించి, మోకాళ్ళ మీద నా వైపు జరిగింది. గాలిలో తడుముకుంటూ వచ్చిన చెయ్యి నా భుజానికి తగిలి, మోచేతికి దిగి, మణికట్టు మీద ఆగింది. పట్టుకుంది. నా చేతి మీద ఆమె బలం పడగానే పిల్ల ఒక్కసారిగా జారి మా ఇద్దరి ఒళ్ళోకి వచ్చిపడింది. తడిగా, వేడిగా, కదలకుండా.

"ముక్కు తుడువు! గడ్డిపోచ వెట్టి ముక్కుల గెలుకు! ఊదు!" తమ్ముడు తడక పట్టుకుని అరుస్తున్నాడు. తుడిచాను, గెలికాను, దాని ముట్టెను నోట్లో పెట్టుకుని ఊదాను. ఉప్పగా ఉంది. రెండోసారి ఊదాక అది తుమ్మింది. తర్వాత సన్నగా అరిచింది.

తలెత్తి చూస్తే జంగయ్య ముక్కుకు కట్టిన తువ్వాలతోనే కళ్ళు తుడుచుకుంటున్నాడు.

"ఆడిదా, మొగదా?" అన్నాడు.

"ఆడదే."

"జర ఎత్తి సూపియ్యి."

"తడి ఆరనీరా. ఎండలో ఆరినాక, తుడిచి నీకు కనపడేట్టు పట్టుకుంటా. అక్కడే ఉండు."

వాడు అక్కడే నిలబడ్డాడు. గొర్రె తల తిప్పి పిల్లను నాకడం మొదలుపెట్టింది. అవ్వ నా మణికట్టును ఇంకా వదల్లేదు. నా జబ్బు ఎక్కువగా ఉండేది సరిగ్గా అక్కడే, ఆమె బిగింపుకు ఎముకల దాకా సలుపుతోంది. వదలమని నేను చెప్పలేదు.